ఊళ్ళ వంశావళులు వెదకిన దొర



నవంబరు నెల వచ్చిందంటే ఆత్మకూరు, ఉదయగిరి వైపు విచారణలలో గురువులకు ఒక పని పెరుగుతుంది. సమాధుల పండుగకు హైదరాబాదు నుండి, బెంగుళూరు నుండి, కువైట్ నుండి సెలవు పెట్టి వచ్చిన బిడ్డలు తల్లిదండ్రుల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పరచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అంతా అయ్యాక గుడి వరండాలోకి వచ్చి, తమ తాతను ఎక్కడ పెట్టారో, ముత్తాత ఎవరో పుస్తకం తీసి చూడమని అడుగుతారు. పదేళ్ళ క్రితం ఇలా అడిగేవారు ఏడాదికి ఒకరిద్దరు. ఇప్పుడు నేను పూజ వస్త్రాలు విప్పకముందే నలుగురు నిలబడి ఉంటున్నారు.

పుస్తకం తీయడం తేలికే. మనిషిని కనుక్కోవడమే కష్టం. తాత పేరు పెంచలయ్య అని చెబుతారు. పెంచలకోన దగ్గరి సీమ కనుక పెంచలయ్య లేని ఊరు మనకు ఉండదు. కాని పాత భూస్థాపనల పుస్తకంలో పెంచలయ్య కనబడడు. లతీను భాషలో వ్రాసిన ఆ పుటలలో పేత్రుస్ ఉంటాడు, పౌలుస్ ఉంటాడు, ఇగ్నాసియుస్ ఉంటాడు. పేత్రుస్ అంటే మన రాయప్ప, పౌలుస్ అంటే చిన్నప్ప, ఇగ్నాసియుస్ అంటే ఇన్నయ్య అని తెలిసినవారికే ఆ పుట పలుకుతుంది. జ్ఞానస్నానంలో రాయప్ప అయిన మనిషిని ఊరంతా చనిపోయేదాకా పెంచలయ్య అనే పిలిచి ఉంటుంది. ఇక సమాధుల తోటలో కడప బండ మీద మేకుతో గీకిన అక్షరాలు దొరికినా, వాటిలో ధాత అనో కాళయుక్తి అనో సంవత్సరం పేరు మాత్రమే ఉంటుంది. ధాత అంటే 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కూడా కావచ్చు. ఆ అరవై ఏళ్ళ చక్రంలో తాత ఏ చుట్టులో ఉన్నాడో తేల్చుకోవాలి.

రాతినీ, పుస్తకాన్నీ, ముసలివారి మాటనూ దగ్గర పెట్టుకుని ఒకదానితో ఒకటి సరిచూసే ఈ పనిని మన తెలుగు నేలమీద పెద్ద ఎత్తున తలపెట్టినవాడు ఒక స్కాట్లాండు దొర. ఆయన కర్నల్ కాలిన్ మెకంజీ. కైఫియత్తుల మెకంజీగా ఆయన పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఆయన బ్రతుకు కథ మాత్రం అందరికీ తెలియదు.

స్కాట్లాండుకు వాయవ్యాన, చలిగాలి వదలని లూయిస్ అనే ద్వీపం ఉంది. అందులో స్టోర్నోవే రేవు ఆయన జన్మస్థలం. పుట్టినది 1754లో అంటారు, 1753 అనేవారూ ఉన్నారు. ఇన్ని ఊళ్ళ తేదీలు తేల్చిన మనిషి సొంత పుట్టుక దగ్గర చరిత్రకారులు ఒక మాట మీద లేరు! తండ్రి మర్డోక్ వ్యాపారి, ఆ ఊరి పోస్టుమాస్టరు. కాలిన్ కొంతకాలం అక్కడి సుంకాల కచేరీలో ఉద్యోగం చేసి, 1783లో, ముప్పై ఏళ్ళ ప్రాయంలో, కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చారు. సైన్యానికి అది కాస్త ముదురు వయసే.

ఆయన మనసు ఇటు మళ్ళడానికి కారణం కూడా ఒక పూర్వీకుని వెదకులాటే. సంవర్గమానాలు కనిపెట్టిన జాన్ నేపియర్ వంశంలోని ఒక ప్రభువు తన పూర్వీకుని జీవితచరిత్ర వ్రాయదలచి, హిందువుల గణితం గురించి సమాచారం కూర్చే పనిలో యువకుడైన మెకంజీని పెట్టుకున్నాడు. పని ముగియకముందే ఆ ప్రభువు కన్నుమూశాడు. మెకంజీ ఇండియాకు వచ్చాక, మదురైలో కాపురముంటున్న ఆ ప్రభువు కూతురు ఆయనను పిలిపించి అక్కడి పండితులతో కలిపింది. అప్పుడు అంటుకున్న ఆసక్తి చివరిదాకా చల్లారలేదు.

తొలి ఏళ్ళలో ఇంజనీరు పనుల మీద మన నెల్లూరు, గుంటూరు ప్రాంతాలలో తిరిగారు. తరువాత నైజాము రాజ్యంలో కొలతలు, 1799లో శ్రీరంగపట్నం ముట్టడి, ఆ వెనుక మైసూరు సర్వే, మధ్యలో రెండేళ్ళు జావా ద్వీపం. 1810లో మద్రాసుకు, 1815లో ఇండియా అంతటికీ సర్వేయరు జనరల్ అయ్యారు. ఈ పదవుల కథ ఇంతటితో చాలు. ఆయన అసలు సంపద ఉద్యోగంలో లేదు, 1796లో తన దగ్గర చేరిన ఏలూరు యువకుడు కావలి వెంకట బొర్రయ్యలో ఉంది.

మెకంజీకి మన భాషలు పట్టుబడలేదు. సైన్యపు పనుల మధ్య నేర్చుకునే తీరిక ఆయనకు దొరకలేదు. తెలుగు, తమిళం, కన్నడం, సంస్కృతం తెలిసిన బొర్రయ్య ఆయనకు కన్నూ నోరూ అయ్యాడు. ఇద్దరూ కలిసి ఒక పద్ధతి ఏర్పరచారు. గుమాస్తాలు ఊరూరా వెళ్ళాలి. ఈ ఊరు ఎవరు కట్టించారు, మొదట వచ్చిన కుటుంబాలేవి, గుడి ఎవరిది, చెరువు ఎవరు త్రవ్వించారు, ఇనాములు ఎవరిచ్చారు అని అడగాలి. కరణం ఇంట్లోని కవిలెకట్టలకు నకళ్ళు తీయాలి. రాతిమీది శాసనాలకు ప్రతులు వ్రాసుకోవాలి. వీరగల్లు కనబడితే బొమ్మ గీయాలి. కవిలె ఒకటి చెప్పి రాయి ఇంకొకటి చెబితే రెండూ వ్రాసి పెట్టాలి. ఇలా తయారైనవే కైఫియత్తులు. బొర్రయ్య 1803లో, ముప్పై ఏళ్ళయినా నిండకుండా చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని తలకెత్తుకున్నారు. మరో తమ్ముడు రామస్వామి, జైనుడైన ధర్మయ్య, ఇంకా ఎందరో బ్రాహ్మణ గుమాస్తాలు దారి పొడవునా వ్రాస్తూ పోయారు.

కరణాలు మాత్రం తేలికగా కవిలెలు విప్పలేదు. కంపెనీ గుమాస్తా వచ్చి ఇనాము ఎప్పటిదని అడిగితే, దాన్ని ఊడబెరకడానికే వచ్చాడని వాళ్ళ భయం. ఆ భయం ఒట్టిది కాదు. భూమి ఎవరిదో తెలిస్తేనే పన్ను ఎంతో తెలుస్తుంది, మెకంజీ జీతం తిన్నది ఆ కంపెనీదే. ఆయనను ఋషిని చేయనక్కరలేదు. కాని ఉద్యోగానికి అవసరమైన దానికంటే వందరెట్లు ఎక్కువ పోగుచేశారు, సొంత డబ్బు ఖర్చుపెట్టి పోగుచేశారు.

1821 మే 8న కలకత్తా దగ్గర ఆయన చనిపోయారు. సౌత్ పార్కు స్ట్రీటు సమాధుల తోటలో ఆయనను పాతిపెట్టారు. భార్య పెత్రోనెల్లా, జావాలో 1812లో పెళ్ళాడిన డచ్చి యువతి, ఆయన సేకరణను కంపెనీకి అమ్మింది. లక్ష రూపాయలు ఇచ్చారు. విల్సన్ అనే పండితుడు 1828లో అచ్చువేసిన పట్టికలో లెక్కలున్నాయి. శాసనాల ప్రతులు 8,076, స్థానిక చరిత్రలు 2,070, నాణేలు 6,218. దొర పోయాక ఆ పని తాను సాగిస్తానని లక్ష్మయ్య అర్జీ పెట్టుకున్నారు. ఇరవై ఏళ్ళు ఊరూరా తిరిగి, ఆ గుట్టలో ఏ కట్ట ఎక్కడుందో ఎరిగిన మనిషి ఆయన. అంతటి పనికి దేశీయుడు చాలడని కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పెద్దలు త్రోసివేశారు. తరువాత సి.పి. బ్రౌన్ దొర పాడైపోతున్న కట్టలకు తెలుగు ప్రతులు వ్రాయించి ఉండకపోతే చాలా ఊళ్ళ కథలు చెదల పాలయ్యేవి. ఆ ప్రతులు నేటికీ చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి.

రాతిని చదివే ఆ బాట అక్కడితో ఆగలేదు. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు మన జిల్లా శాసనాలను తాలూకాలవారీగా కూర్చి 1905లో మూడు సంపుటాలు వేశారు. అందులో ఉదయగిరి ఉంది, ఆత్మకూరు ఉంది. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుండి ఉదయగిరి కోట గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టించిన సంగతి మనకు తెలిసింది హంపిలోని రాతి వల్లనే.

ఇప్పుడు మన వరండాలో నిలబడ్డ బిడ్డల ప్రశ్నకు వస్తాను. కైఫియత్తులో ఊరు కట్టించిన రెడ్డి పేరుంటుంది, కరణాల వంశక్రమం ఉంటుంది, అర్చకుల పేర్లు ఉంటాయి. ఊరి పొలిమేర ఏ రాయి దగ్గర మలుపు తిరుగుతుందో ఎరిగి, తగాదా వస్తే ఆ గట్టు నడిచి చూపిన వెట్టివాని పేరు వెదికి చూడండి, అరుదుగా తప్ప ఉండదు. మాలపల్లె, మాదిగపల్లె అని ఉంటుంది, మనుషులుండరు. సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో, వ్యక్తిని నిర్వచించలేము, పేరు పెట్టి పిలవగలము అంతే అని మాకు చెప్పేవారు. అది పరీక్షకు బట్టీ పట్టిన ముక్క. దాని బరువు నాకు తెలిసింది భూస్థాపనల పుస్తకం ముందు కూర్చున్నప్పుడే.

ఎందుకంటే ఆ పల్లెల మనుషులు ఈ పుస్తకంలో ఉన్నారు. జ్ఞానస్నానాలకు, వివాహాలకు పుస్తకాలుండాలని 1563లో త్రెంతు మహాసభ నిర్ణయించింది. 1614లో ఐదవ పౌలు పాపుగారి కాలంలో వచ్చిన రోమా కర్మకాండ గ్రంథం చనిపోయినవారికి కూడా పుస్తకం పెట్టమన్నది. దొరకైనా కూలికైనా అవే గళ్ళు. పేరు, వయసు, తండ్రి లేక భర్త పేరు, చనిపోయిన తేదీ, పొందిన సంస్కారాలు, పాతిపెట్టిన చోటు, గురువు సంతకం. నెల్లూరు మేత్రాసనం 1928లో ఏర్పడకముందు మన ప్రాంతం మద్రాసు అగ్రపీఠం క్రింద ఉండేది. పల్లె కేంద్రాలలో చనిపోయినవారిని తల్లి విచారణ పుస్తకంలో ఎక్కించేవారు. కాబట్టి మీ ఊరి గుడి పుస్తకంలో లేకపోతే లేనట్టు కాదు, ఆనాడు మీ ఊరు ఏ విచారణకు చెందిందో ముందు అడగండి. ఇంటిపేరు, జ్ఞానస్నానపు పేరు, పిలుపు పేరు మూడూ వ్రాసుకుని రండి. 1989లో పూర్తయిన సోమశిల జలాశయం క్రింద పల్లెలు పోగొట్టుకున్నవారికి సమాధి రాయి నీళ్ళలో ఉంది, ఇక పుస్తకమే దిక్కు.

ఇంతా చెప్పే నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. 2001లో, గురుపట్టం పొందిన కొత్తలో, ఒక చిన్న విచారణలో వానలో ఒక ముసలమ్మ భూస్థాపన చేశాను. ఉపదేశి చెప్పిన మరియమ్మ అనే పేరు కాగితం ముక్క మీద వ్రాసుకుని, వారం తరువాత పుస్తకంలో ఎక్కించాను. భర్త పేరు గడి ఖాళీగా వదిలేశాను, తరువాత అడుగుదామని. అడగలేదు. ఆ ఏడు మరియమ్మలు ముగ్గురు.

మొన్న నవంబరులో ఆమె మనవరాలు నన్ను వెదుక్కుంటూ వచ్చింది. ఇద్దరం ఆ ఊరికి వెళ్ళి పుస్తకం తీశాం. నా చేవ్రాతే, నా సంతకమే, నడుమ ఖాళీ గడి. ఆ పిల్ల ఏమీ అనలేదు. ఉపదేశి చనిపోయాడు. చివరికి గోతులు త్రవ్వే పెద్దాయన ఇంటికి వెళ్ళాం. కళ్ళు సరిగా కనబడవు, మా ఇద్దరి భుజాలు పట్టుకుని సమాధుల తోటకు వచ్చాడు. వేపచెట్టు నుండి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. ఆ రోజు మూడడుగుల లోతులో బండ తగిలిందట, వానలో గోతిని రెండు బారలు తూర్పుకు జరిపి మళ్ళీ త్రవ్వాడట, అందుకే మరచిపోలేదట. ముసలమ్మ భర్త పేరు, ఆ భర్త తండ్రి పేరు, వాళ్ళు ఏ పల్లె నుండి వలస వచ్చారో కూడా చెప్పాడు.

ఇప్పుడు అక్కడున్న విచారణ గురువు అనుమతితో, అసలు గడిని కదపకుండా, పుట అంచున ఆ వివరాలు వ్రాసి తేదీ వేశాను. క్రింద సాక్షి అని వ్రాసి, ఆ పెద్దాయన పేరు, ఆయన తండ్రి పేరు, ఇంటిపేరు వ్రాశాను. చదివి వినిపిస్తే, ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పోయిందని దిద్దించాడు.