ఎక్కింది... దిగిరాలేదు

ఎవరెస్ట్ ఎక్కాలని ఏ దేశం వాళ్లొచ్చినా బరువులు మోసేదీ, తాళ్లు కట్టేదీ, దారి చూపేదీ షేర్పాలే. 1953లో టెన్సింగ్, హిల్లరీ శిఖరం చేరారు. 1975లో జపాన్ మహిళ జుంకో తాబెయి, 1984లో మన బచేంద్రి పాల్ ఎక్కారు. కానీ 1993 దాకా నేపాలీ మహిళ ఒక్కరూ అక్కడ కాలు పెట్టలేదంటే వింతగా లేదూ?

ఆ లోటు తీర్చిన మనిషి పసాంగ్ లాము షేర్పా. 1961లో సోలుఖుంబు ప్రాంతంలో పుట్టింది. తండ్రి కొండలెక్కేవాళ్లకు దారి చూపే పని చేసేవాడు. పెళ్లయ్యాక కాఠ్మాండూ చేరి, భర్తతో కలిసి ట్రెక్కింగ్ సంస్థ నడిపింది. ముగ్గురు పిల్లలు. అయినా మనసంతా కొండ మీదే!

1990లో ఫ్రెంచి బృందంతో వెళ్తే శిఖరం దాకా వెళ్లే అవకాశం దక్కలేదు. తర్వాతి ప్రయత్నాలూ ఫలించలేదు. మూడుసార్లు వట్టి చేతులతో తిరిగొచ్చిన ఆవిడ, పిల్లల తల్లికి ఇదేం పిచ్చి అన్నవాళ్ల మాట వినిపించుకోలేదు. 1924లో ఎవరెస్ట్ మీద పోయిన మాలరీకీ ముగ్గురు పిల్లలే. తండ్రులనైతే ఈ ప్రశ్న ఎవరడుగుతారు చెప్పండి?

నాలుగోసారి సొంత బృందంతో బయల్దేరింది. 1993 ఏప్రిల్ 22న, అయిదుగురు షేర్పాలతో కలిసి శిఖరం చేరింది.

కొండ ఎక్కడం సగం పనే. దిగేటప్పుడే ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఎంతోమంది. ఎనిమిది వేల మీటర్లు దాటితే దాన్ని మృత్యుమండలం అంటారు. శిఖరం దగ్గర గాలిలో దొరికే ప్రాణవాయువు సముద్రమట్టంలో దొరికేదాంట్లో మూడో వంతే. అక్కడ ఒళ్లు కోలుకోదు, క్షీణించడమే. మెదడులోకీ ఊపిరితిత్తుల్లోకీ నీరు చేరొచ్చు. బుర్ర మందగించి, కూర్చున్నచోటు నుంచి లేవాలనే అనిపించదు. సీసాలో ఆక్సిజన్ అయిపోతే ఇక ఆ మనిషిని మోసుకు దించడం దాదాపు అసాధ్యం.

దిగుతుండగా దక్షిణ శిఖరం దగ్గర, అంతకుముందు చాలాసార్లు ఎవరెస్ట్ ఎక్కిన సోనమ్ త్షెరింగ్ షేర్పాకి జబ్బు చేసింది. పసాంగ్ అతన్ని వదిలి రాలేదు. ఆక్సిజన్ తెమ్మని కిందకి మనిషిని పంపారు. ఈలోగా వాతావరణం పాడైంది, పైకి ఎవరూ వెళ్లలేకపోయారు. ఆ ఇద్దరూ కొండ మీదే పోయారు. పసాంగ్‌కి అప్పటికి 31 ఏళ్లు.

కొన్ని వారాల తర్వాత ఆవిడ దేహాన్ని కిందకి తెచ్చారు. అంత ఎత్తు నుంచి శవాన్ని దించడమంటే దించేవాళ్ల ప్రాణాలకీ గండమే, అందుకే చాలామందిని మంచులోనే వదిలేస్తారు. కాఠ్మాండూలో జనం బారులు తీరి వీడ్కోలు పలికారు. ప్రభుత్వం నేపాల్ తారా బిరుదు ఇచ్చింది, తపాలా బిళ్ల వేసింది. జసాంబా హిమాల్ అనే శిఖరానికీ, త్రిశూలి నుంచి ధున్చే వెళ్లే రోడ్డుకీ, చివరికి ఒక గోధుమ వంగడానికీ ఆవిడ పేరే పెట్టారు.

2000 సంవత్సరంలో లక్పా షేర్పా అనే మరో నేపాలీ మహిళ ఎవరెస్ట్ ఎక్కి, క్షేమంగా దిగొచ్చింది.