రాణి దుర్గావతి: గోండు ఇంటి కోడలు, తల్లి, తోబుట్టువు

ఏటా జూన్ 24న రాణి దుర్గావతి వర్ధంతి, అక్టోబర్ 5న జయంతి. ఆ రోజుల్లో మనం ఆమె పటానికి దండ వేసి, దీపం పెట్టి, నాలుగు మాటలు చెప్పుకుంటాం. ఏ పటం చూసినా ఒకటే రూపం. చేతిలో ఆయుధం, కింద ఏనుగు, ఎదురుగా శత్రువు. ఆ రూపం నిజమే. అయితే నర్రై దగ్గర ఆమె చివరి పోరాటం సాగింది రెండు రోజులు. గోండు ఇంట కోడలిగా అడుగుపెట్టిన నాటి నుంచి ఆ రోజు దాకా గడిచినవి ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండేళ్ళు ఆమె ఒకరికి భార్య, ఒక బిడ్డకు తల్లి, తనతో పాటు ఉన్న కమలావతికి తోబుట్టువు. ఈ సంచికలో ఆ దుర్గావతిని తలచుకోవాలని మేము అనుకున్నాం.

ఇంకో కారణం కూడా ఉంది. మన సమావేశాల్లో యువతీయువకులు ఒక ప్రశ్న అడుగుతుంటారు. దుర్గావతి పుట్టింది చందేల్ రాజపుత్రుల ఇంట్లో కదా, మరి మన రాణి ఎట్లా అయింది అని. ఇది అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు ఆమె జీవితంలోనే ఉంది.

పుట్టిల్లు, మెట్టినిల్లు

మధ్య భారతంలో గోండు రాజ్యాలు ప్రధానంగా నాలుగు. గఢా, దేవ్‌గఢ్, ఖేర్లా, చాందా. మన ఆదిలాబాద్ ప్రాంతానికి దగ్గరి సంబంధం చాందాతో. వీటిలో ఉత్తరాన ఉన్నది గఢా రాజ్యం, తర్వాతి కాలంలో గఢా మండ్ల అని పేరుపడింది. నేటి మధ్యప్రదేశ్‌లో జబల్‌పూర్, మండ్ల, దమోహ్, నర్సింగ్‌పూర్ జిల్లాల మీదుగా, నర్మదకు రెండు వైపులా ఉండేది. ఈ రాజ్యాన్ని పెద్దది చేసినవాడు సంగ్రామ్ షా. ఆయన ఏలుబడిలో యాభై రెండు గఢాలు, అంటే కోటలు, ఉండేవని చెబుతారు.

దుర్గావతి 1524లో కాలంజర్ కోటలో పుట్టిందని ప్రసిద్ధి. తండ్రి పేరు కీరత్ రాయ్ అని ఎక్కువమంది చెబుతారు. అక్బర్ చరిత్రకారుడు అబుల్ ఫజల్ మాత్రం మహోబా ప్రాంతపు శాలివాహనుడి కూతురని రాశాడు. చందేల్ వంశం అన్న విషయంలో తేడా లేదు. విల్లు, తుపాకి, గుర్రపు స్వారీ, అన్నింటిలోనూ ఆమె ఆరితేరింది. 1542లో సంగ్రామ్ షా కొడుకు దళపత్ షాతో పెళ్ళి జరిగింది.

ఈ పెళ్ళిని అబుల్ ఫజల్ తక్కువ చేసి రాశాడు. చందేల్ రాజు రోజులు బాగాలేక తన కూతుర్ని గోండు ఇంటికి ఇవ్వవలసి వచ్చిందని అతని అభిప్రాయం. గెలిచినవాడి కొలువులో కూర్చుని రాసిన మాట అది. పెద్దింటి పిల్ల చిన్నింటికి వచ్చిందన్న చిన్నచూపు అందులో ఉంది. కానీ ఆ పిల్ల ఆ ఇంటిని ఎప్పుడైనా చిన్నదిగా చూసిందా అని వెతికితే, అతని పుస్తకంలోనే ఒక్క ఆనవాలు కూడా దొరకదు.

భార్య

పెళ్ళయిన మూడేళ్ళకు, 1545లో, కాలంజర్ కోట షేర్ షా సైన్యం చేతికి పోయింది. ముట్టడిలో మందుగుండు పేలి షేర్ షా కూడా అక్కడే చనిపోయాడు. కొడుకు వీర్ నారాయణ్ పుట్టింది కూడా ఆ ఏడే అంటారు. పుట్టిన కోట పరాయిదైపోయిన ఏడే ఆమె ఒడిలోకి గోండు వంశపు వారసుడు వచ్చాడు. ఇక ఆమెకు ఇల్లంటే సింగోర్‌గఢే. దమోహ్ జిల్లా అడవి కొండల్లో ఉన్న ఆ కోటలోనే భర్తతో కాపురం.

ఆ కాపురం ఎక్కువ కాలం నిలవలేదు. 1550 ప్రాంతంలో దళపత్ షా కన్నుమూశాడు. అప్పటికి వీర్ నారాయణ్‌కు ఐదేళ్ళు. దుర్గావతికి పాతికేళ్ళు దాటి ఉంటాయి. భర్త పోయిన స్త్రీకి ఆ కాలపు రాజకుటుంబాల్లో ఏ దారి చూపేవారో మనకు తెలియనిది కాదు. ఆమె ఆ దారిన వెళ్ళలేదు. కొడుకును గద్దె మీద కూర్చోబెట్టి, పక్కన నిలబడి, రాజ్యం బరువు తానే ఎత్తుకుంది. భర్త ఇంటిని నిలబెట్టడమే ఆమె భర్తకు చేసుకున్న సేవ.

తల్లి, పాలకురాలు

పసివాడి పేరు మీద రాజ్యం నడపడం తేలిక కాదు. చుట్టూ చూస్తే ఉత్తరాన షేర్ షా వంశపు సూర్ పాలకులు, పడమర మాల్వా పాలకులు. ఇంటి లోపల ఐదేళ్ళ రాజు. ఆమెకు అండగా నిలిచినవారు ఇద్దరు మంత్రులు, అధార్ కాయస్థ, మాన్ ఠాకూర్. రాజధానిని సింగోర్‌గఢ్ నుంచి సాత్పురా కొండల్లోని చౌరాగఢ్‌కు మార్చింది. కొండల నడుమ ఉన్న ఆ కోట కొడుకుకు, ఖజానాకు భద్రమైన చోటు.

మాల్వా పాలకుడు బాజ్ బహదూర్ దండెత్తి వచ్చాడు. ఆడమనిషి ఏలుతున్న రాజ్యం కదా, సులువుగా చేజిక్కుతుందని అనుకున్నాడేమో. ఓడి వెనుదిరిగాడు. ఇరవై వేల ఆశ్వికులు, వెయ్యి ఏనుగుల బలగం ఆమెకు ఉండేదని అబుల్ ఫజలే రాశాడు. పులి జాడ తెలిస్తే దాన్ని కొట్టేదాకా ఆమె మంచినీళ్ళు కూడా ముట్టేది కాదని కూడా అతనే రాశాడు. శత్రుపక్షం వాడు పొగడక తప్పని మనిషి ఆమె.

జబల్‌పూర్‌కు వెళ్ళిన మన వాళ్ళు అక్కడ మూడు పేర్లు విని ఉంటారు. రానీతాల్, చేరీతాల్, అధార్‌తాల్. తాల్ అంటే చెరువు. రాణి పేరున ఒకటి, ఆమె దాసి పేరున ఒకటి, మంత్రి అధార్ పేరున ఒకటి తవ్వించారని ఆ ఊరి వాళ్ళు చెప్పుకుంటారు. యజమానురాలి పక్కన దాసి పేరు కూడా చెరువై నిలిచిన ఊరు అది. యుద్ధం గెలిచినవాళ్ళు కోటలోని బంగారం, ఏనుగులు పట్టుకుపోయారు. చెరువుల పేర్లు మాత్రం నేటికీ ఊరి నోట ఉన్నాయి.

ఆ రెండు రోజులు

1560ల మొదట్లో మాల్వా అక్బర్ వశమైంది. దానితో గఢా రాజ్యానికి మొగలులు పొరుగువాళ్ళయ్యారు. కడా సుబేదారు ఆసఫ్ ఖాన్‌కు గఢా సంపద మీద కన్ను పడింది. 1564లో పెద్ద సైన్యంతో వచ్చాడు. రాణి సైన్యం అప్పటికి చెల్లాచెదురుగా ఉంది. వెనక్కి తగ్గుదామని కొందరు చెప్పినా ఆమె ఒప్పుకోలేదు. ఒక పక్క కొండలు, మరో పక్క గౌర్, నర్మద నదులు ఉన్న నర్రై అనే ఇరుకు చోటును ఎంచుకుని నిలబడింది.

మొదటి రోజు గెలుపు ఆమెదే. ఆ రాత్రికి రాత్రే శత్రువు మీద పడదామని చెప్పింది. సేనానులు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ఆసఫ్ ఖాన్ ఫిరంగులు వచ్చి చేరాయి. రాణి సర్మన్ అనే ఏనుగునెక్కింది. కొడుకు వీర్ నారాయణ్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్ళ వయసు. అతను శత్రువును మూడుసార్లు వెనక్కి తరిమి, చివరికి గాయపడ్డాడు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలని మేము కోరుతున్నాం. యుద్ధం నడిమధ్య, సైన్యం తక్కువై ఉన్న వేళ, ఆమె గాయపడిన కొడుకును భద్రమైన చోటికి తీసుకుపొమ్మని ఆజ్ఞ ఇచ్చింది. అతని వెంట చాలామంది సైనికులు కూడా వెళ్ళిపోయారు. ఆమె దగ్గర మిగిలింది మూడు వందల మంది. ఆ తర్వాతే ఒక బాణం కణత దగ్గర, మరో బాణం మెడలో దిగాయి. స్పృహ తప్పి తేరుకునేసరికి యుద్ధం చేయి దాటింది. శత్రువుకు ప్రాణాలతో చిక్కకూడదని తన బాకుతోనే ప్రాణం తీసుకుంది. అది 1564 జూన్ 24. రాణిగా ఆమె నిలబడి పోయింది. తల్లిగా మాత్రం ముందు బిడ్డను దాటించింది. ఈ రెండో పని కూడా పటంలో ఉండవలసినంత గొప్పది.

తోబుట్టువు

కథ ఆమె చావుతో ముగిసిందని చాలామంది అనుకుంటారు. ముగియలేదు. రెండు నెలలకు ఆసఫ్ ఖాన్ చౌరాగఢ్ మీదికి వెళ్ళాడు. వీర్ నారాయణ్ కోట కోసం పోరాడి చనిపోయాడు. తల్లి దాటించిన బిడ్డకు దొరికిన బతుకు ఆ రెండు నెలలే. కోటలోని స్త్రీలు మంటల్లో కాలిపోయారు. నాలుగు రోజుల తర్వాత ఆ తలుపులు తీస్తే ఇద్దరు మాత్రం ప్రాణాలతో కనిపించారు. పెద్ద దుంగ ఒకటి అడ్డుపడి వాళ్ళను కాపాడింది.

ఆ ఇద్దరిలో ఒకరు కమలావతి, దుర్గావతి తోబుట్టువు. ఇంకొకరు వీర్ నారాయణ్ కోసం తెచ్చిన పెళ్ళికూతురు, పురాగఢ్ రాజు కూతురు. కాపురం మొదలు కాకముందే ఆమె సర్వం పోగొట్టుకుంది. ఇద్దరినీ అక్బర్ కొలువుకు పంపేశారు. అక్క, చెల్లి, తల్లి, కొడుకు, కాబోయే కోడలు. ఒక ఇల్లు మొత్తం రెండు నెలల్లో ఎట్లా చెదిరిపోయిందో ఈ ఇద్దరి కథ చెబుతుంది. ఏనుగు మీది రాణి పటంలో కమలావతి కనిపించదు. పుట్టింటిని, తోబుట్టువును, ఆమె బిడ్డను పోగొట్టుకుని బతికి మిగలడం కూడా చిన్న కష్టం కాదు.

మన రాణి ఎట్లా అయింది

ఆ ఇల్లు మాత్రం ఆరిపోలేదు. దళపత్ షా సోదరుడు చంద్ర షా గద్దె ఎక్కాడు. ఆ వంశం ఆ తర్వాత కూడా రెండు వందల ఏళ్ళకు పైగా నిలిచింది. ఆ వంశం వారసులైన శంకర్ షా, రఘునాథ్ షా అనే తండ్రీకొడుకులను 1857 సెప్టెంబర్ 18న జబల్‌పూర్‌లో బ్రిటిష్ వాళ్ళు ఫిరంగి నోటికి కట్టి పేల్చేశారు.

ఇక యువత అడిగే ప్రశ్నకు వద్దాం. పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్ళినవారందరికీ తెలుసు. మెస్రం వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్ళను తెల్లటి బట్టలతో తీసుకొచ్చి దేవుడికి పరిచయం చేస్తారు. దాన్నే భేటింగ్ అంటాం. ఆ రోజుతో ఆమె ఆ దేవుడి మనిషి, ఆ ఇంటి మనిషి. ఆమె పుట్టింటి పేరు ఆ తర్వాత ఎవరూ ఎత్తి చూపరు. మన పెద్దలు పెట్టిన ఈ ఆచారంలోనే జవాబు ఉంది. మనకు కోడలు పరాయిది కాదు. దుర్గావతి ఇరవై రెండేళ్ళు గోండు ఇంటికి కోడలిగా బతికింది, గోండు బిడ్డను పెంచింది, ఆ నేల మీదే ప్రాణం విడిచింది. ఇంతకు మించిన సాక్ష్యం ఏ వంశవృక్షంలోనూ దొరకదు.

దేశం కూడా ఆమెను మరిచిపోలేదు. జబల్‌పూర్ విశ్వవిద్యాలయానికి 1983లో ఆమె పేరు పెట్టారు. 1988 జూన్ 24న తపాలా బిళ్ళ వచ్చింది. మన విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కట్టిన తీరరక్షక దళం ఓడ ఒకటి రాణి దుర్గావతి పేరుతో సేవలోకి వచ్చింది. ఆమె తిరిగిన దమోహ్ అడవులు 2023లో వీరాంగన దుర్గావతి పులుల అభయారణ్యంలో భాగమయ్యాయి.

పేర్లు పెట్టడం ప్రభుత్వాల పని. తలచుకోవడం మన పని. వచ్చే జూన్ 24న గూడెంలో దీపం పెట్టేటప్పుడు రాణితో పాటు దళపత్ షా పేరు, వీర్ నారాయణ్ పేరు, కమలావతి పేరు కూడా పిల్లల చేత పలికించమని బంధువులందరికీ మా విన్నపం. పేరు దొరకని ఆ పెళ్ళికూతురి కోసం కూడా ఒక దీపం పెడదాం.

జై సేవా.