కణాల ఊపిరి కొలిచిన ఓటో వార్‌బర్గ్

పిల్లలూ! రాత్రి గోరువెచ్చని పాలల్లో అమ్మ ఒక చెంచా పెరుగు వేసి తోడు పెట్టడం చూశారు కదా? పొద్దున్నకల్లా పెరుగు తోడుకుంటుంది. ఇంకో రెండు రోజులు బయటే ఉంచేస్తే పుల్లబడిపోతుంది. ఆ పులుపు లాక్టిక్ యాసిడ్ వల్ల వస్తుంది. పెరుగులో ఉండే సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను ఆ యాసిడ్‌గా మారుస్తాయి. ఈ పనికి వాటికి ఆక్సిజన్ అక్కర్లేదు. దీన్నే పులియడం అంటాం.

ఇలాంటి పనే క్యాన్సర్ కణాల్లోనూ జరుగుతుందని ఒక జర్మన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆయన పేరు ఓటో వార్‌బర్గ్.

ఆయన 1883లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో పుట్టాడు. నాన్న ఎమిల్ భౌతికశాస్త్రం ప్రొఫెసర్. ఓటో ముందు కెమిస్ట్రీ చదివి, తర్వాత డాక్టర్ చదువు కూడా పూర్తి చేశాడు. ఇటలీలోని నేపుల్స్‌కి వెళ్లి, ఒళ్లంతా ముళ్లుండే సీ అర్చిన్ అనే సముద్రజీవి గుడ్ల మీద ప్రయోగాలు చేశాడు. గుడ్డులో పిల్ల పెరగడం మొదలవగానే అది ఆక్సిజన్‌ను చాలా ఎక్కువగా, ఆరు రెట్ల దాకా, వాడుకోవడం చూశాడు. అంటే వేగంగా పెరిగేదానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలన్నమాట!

ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆయన గుర్రపు దళంలో చేరి, గాయపడ్డాడు కూడా. 1918లో ఐన్‌స్టీన్ ఆయనకు ఉత్తరం రాశాడు. యుద్ధం వదిలి సైన్స్‌కి తిరిగి రమ్మని అందులో నచ్చజెప్పాడు. వార్‌బర్గ్ తిరిగొచ్చాడు.

1920ల్లో ఆయన ఎలుకల క్యాన్సర్ కణితులను పల్చటి ముక్కలుగా కోసి, అవి ఎంత ఆక్సిజన్ వాడుతున్నాయో కొలిచాడు. క్యాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి కాబట్టి, సీ అర్చిన్ గుడ్డులాగే అవీ ఆక్సిజన్‌ను బాగా పీల్చుకుంటాయని అనుకున్నాడు. కానీ అలా జరగలేదు! అవి గ్లూకోజ్ అనే చక్కెరను గబగబా లాక్కుని లాక్టిక్ యాసిడ్‌గా మార్చేస్తున్నాయి.

మీరు చాలా వేగంగా పరిగెత్తినప్పుడు కండరాలకి ఆక్సిజన్ చాలదు. అప్పుడు అవి కూడా ఇలాగే చేస్తాయి. కాసేపు కూర్చుంటే మళ్లీ మామూలైపోతాయి. క్యాన్సర్ కణాలు మాత్రం చుట్టూ ఆక్సిజన్ ఉన్నా అలాగే చేస్తున్నాయి. దీన్ని ఇప్పటికీ వార్‌బర్గ్ ప్రభావం అంటారు.

1931లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అది క్యాన్సర్ పరిశోధనకి కాదు. కణం ఆక్సిజన్‌ను వాడుకోవడానికి సాయపడే ఎంజైమ్‌ను అర్థం చేసుకున్నందుకు ఇచ్చారు.

1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. వార్‌బర్గ్ తండ్రిది యూదు కుటుంబం. ఆయన శిష్యుడు హాన్స్ క్రెబ్స్ యూదుడు కావడంతో ఉద్యోగం పోయి ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. వార్‌బర్గ్ మాత్రం తన ల్యాబ్ వదిలి వెళ్లలేదు. 1941లో ఆయన్నీ తీసేశారు. కానీ క్యాన్సర్ పరిశోధన కోసం కొన్ని వారాల్లోనే మళ్లీ పనిలో పెట్టుకున్నారు. ఆయన అక్కడే ఉండిపోవడం సరైన పనేనా? దీని గురించి ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. కణం ఊపిరి పాడవడమే క్యాన్సర్‌కి అసలు కారణమని వార్‌బర్గ్ గట్టిగా నమ్మాడు. కానీ చాలా క్యాన్సర్ కణాలకు ఆక్సిజన్ వాడుకునే శక్తి ఉందని ఇతర శాస్త్రవేత్తలు చూపించారు. జన్యువుల్లో వచ్చే మార్పులే ముఖ్య కారణమని తర్వాత తెలిసింది. ఆయన మాత్రం తన మాట మార్చుకోలేదు. 1966లో, ఎనభై దాటిన వయసులో కూడా, నోబెల్ గ్రహీతల సభలో అదే చెప్పాడు. 1970లో బెర్లిన్‌లో చనిపోయాడు.

మరి ఆయన శ్రమ వృథా అయ్యిందా? లేదు. ఆయన కొలతలు సరైనవే. వాటి నుంచి చెప్పిన కారణమే సరిపోలేదు. ఇప్పుడు ఆసుపత్రుల్లో చేసే పెట్ స్కాన్ చూడండి. క్యాన్సర్ కణాలు చక్కెరను ఎక్కువగా తీసుకుంటాయి కాబట్టి, ఆ స్కాన్‌లో అవి ఉన్నచోటు వెలుగుతూ కనిపిస్తుంది. కణితి పెద్దదైతే లోపలికి రక్తం సరిగా చేరక ఆక్సిజన్ తగ్గిపోతుంది. అలాంటప్పుడు కణం ఆ సంగతి ఎలా పసిగడుతుందో కనిపెట్టిన ముగ్గురికి 2019లో నోబెల్ ఇచ్చారు.

చక్కెర మానేస్తే చాలు, క్యాన్సర్ పోతుందని వార్‌బర్గ్ పేరు చెప్పి వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తుంటాయి. అమ్మమ్మకో తాతయ్యకో అలాంటిది వస్తే, ఈ కథంతా మీరే తెలుగులో చెప్పండి. వైద్యం మాత్రం డాక్టర్లే చెయ్యాలని కూడా చెప్పండి.

మీ పని:
1. కణం, కణితి, పులియడం: ఈ మాటలతో సొంత వాక్యాలు రాయండి.
2. సీ అర్చిన్ గుడ్డుకీ క్యాన్సర్ కణానికీ వార్‌బర్గ్ ఏం తేడా చూశాడు?
3. మీరు గట్టిగా నమ్మింది తప్పని తెలిసి, ఎప్పుడైనా మార్చుకున్నారా? అయిదు వాక్యాల్లో రాయండి.