సీసం దుమ్ము వెంట నడిచిన డాక్టరమ్మ

ఒకప్పుడు అమెరికా ఫ్యాక్టరీల్లో ఒంట్లో సీసం చేరి కార్మికుడు మంచాన పడితే, యజమానులు అతన్నే తప్పుపట్టేవాళ్లు. చేతులు కడుక్కోకుండా తిన్నాడనేవాళ్లు. అది సాకేనని తేల్చినావిడ ఆలిస్ హామిల్టన్.

1869లో న్యూయార్క్‌లో పుట్టారు. 1893లో మిచిగన్ యూనివర్సిటీలో డాక్టర్ అయ్యారు. 1897లో షికాగో పేదల వాడలోని హల్ హౌస్‌కి వెళ్లి అక్కడే ఉన్నారు. 1910లో ఇల్లినాయ్ రాష్ట్రం వృత్తి రోగాల సర్వే అప్పగిస్తే ఫ్యాక్టరీలు తిరిగారు, ఆసుపత్రి రికార్డులు వెతికారు, కార్మికుల ఇళ్లకి వెళ్లారు. విషం ముఖ్యంగా పీల్చే దుమ్ము, పొగ నుంచే వస్తోందని చూపించారు. 1911లో అక్కడ చట్టం వచ్చింది.

1919లో హార్వర్డ్‌లో తొలి మహిళా అధ్యాపకురాలయ్యారు. సీసం పనుల్లో ఉన్న ఆడవాళ్ల గురించి కూడా రాశారు, ఎందుకంటే ఈ విషం ఒక తరంతో ఆగదు. ఎముకల్లో దాక్కున్న సీసం గర్భంతో ఉన్నప్పుడు బయటికొచ్చి బిడ్డని చేరుతుంది.

తర్వాతి పరిశోధనల్లో సీసం డీఎన్ఏ రిపేర్‌ని అడ్డుకుంటుందని తెలిసింది. ఏఎల్ఏడీ అనే జన్యువు రకాన్ని బట్టి రక్తంలో నిలిచే సీసం మారొచ్చని కూడా తేలింది. అయితే జన్యువులు చూసి ఉద్యోగాలిద్దామా? నాకైతే అది పాత సాకే మళ్లీ వచ్చినట్టుంది. బగ్ ప్రోగ్రామ్‌లో ఉంటే యూజర్‌ని మార్చం కదా! ఆలిస్ జీవితమంతా అడిగింది అదే: కార్మికుణ్ణి కాదు, గాలిని బాగుచేయండని.

1970 సెప్టెంబర్‌లో 101 ఏళ్ల వయసులో చనిపోయారు. డిసెంబర్‌లో అమెరికా అంతటికీ పనిచోట భద్రత చట్టం వచ్చింది.