సర్ అలెగ్జాండరు మెకెంజీ

కెనడా దేశపు పటమును చూచువారికి వాయవ్యభాగమున ఉత్తర మహాసముద్రమున గలియు మెకెంజీ నది కనబడును. ఏ యాత్రికుని పేర ఆ నది పిలువబడుచున్నదో, ఆతని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా దెలుపుచున్నాము.

మెకెంజీ 1764 సంవత్సరమున స్కాట్లండునకు చేరిన లూయిస్ ద్వీపమున జన్మించెను. బాల్యముననే అమెరికాకు బోయి, పిమ్మట మాంట్రియలు నగరమున తోళ్ల వర్తకుల కొలువున బ్రవేశించెను. ఆ కాలమున అచ్చటి యడవులలో నదులే బాటలు. బర్చి చెట్టు బెరడుతో కట్టిన దోనెలే బండ్లు. పడమటి సముద్రమునకు జలమార్గము కనుగొనవలెనని యాతని సంకల్పము.

1789 జూను 3వ తేదీన ఆథబాస్కా సరస్సు తీరమందలి చిపెవయన్ కోటనుండి ఆతడు బయలుదేరెను. నెస్టబెక్ అను స్థానిక నాయకుడు దుబాసియై తోడ్పడెను. వెంట వచ్చిన స్త్రీలు ఎడతెగక తోలుచెప్పులు కుట్టుచుండిరి. సరస్సులమీది మంచుగడ్డలును, దోమలును, చలివానలును అందరిని బాధించెను. ఇంత శ్రమపడినను నది వారిని పడమటికి గాక ఉత్తరమునకు గొనిపోయెను. 102 దినములకు మెకెంజీ కోరినది దొరకకయే మరలివచ్చెను.

తాను నిలిచిన చోటు భూగోళముపై నెక్కడనున్నదో గణించు విద్య తనకు చాలదని యాతడు గ్రహించెను. 1791లో లండనునకు బోయి, పెద్దవాడయ్యును మరల విద్యార్థియై, ఆ విద్య నభ్యసించి, పరికరములను సంపాదించెను.

1793 మే 9వ తేదీన పీస్ నదిపై రెండవ యాత్ర మొదలయ్యెను. దోనె ఒక్కటే, పొడవు 25 అడుగులు. అందు 10 మంది మనుష్యులును, 3,000 పౌనుల సామగ్రియు నెక్కెను. అయినను, వట్టి దోనెను ఇద్దరు భుజములపై మోయగలుగునంత తేలికగా దానిని కట్టించిరి. దారిలోని ప్రజలకు కానుకలు సిద్ధపరచిరి. తిరుగుదారికై ఎండుమాంసమును క్రొవ్వుతో కలిపిన పెమ్మికన్ అను ఆహారమును గోతిలో పాతి, ఆనవాలు తెలియకుండ పైన మంట వేసిరి.

ఇంత యేర్పాటున్నను కష్టములు తప్పలేదు. భయంకరమైన కనుమ యొకటి యడ్డుపడగా దోనెను కొండమీదుగా ఈడ్చిరి. జూనులో ఒక సెలయేట దోనె రాళ్లకు తగిలి పగిలెను. ప్రాణములు దక్కెను గాని తుపాకిగుండ్లు మునిగిపోయెను. సహచరులు వెనుకకు బోవుదమనిరి. మెకెంజీ వారిని చలికాచుకొననిచ్చి, అన్నము పెట్టించి, తరువాతనే ధైర్యము చెప్పెను. వారు బెరడు తెచ్చి దోనెను బాగుచేసిరి. పిమ్మట ఫ్రేజరు నదిపై దిగువదారి మిక్కిలి అపాయకరమని స్థానికులు చెప్పగా, ఆతడు వారి మాట మన్నించి, దోనెను విడిచి, వారు చూపిన కాలిబాటను పర్వతములు దాటెను. 1793 జూలై 22న పసిఫిక్ తీరమందలి బండపై ఎఱ్ఱరంగుతో తన పేరును, తేదీని వ్రాసెను. ఆగస్టు 24 నాటికి అందరును క్షేమముగా కోట చేరిరి.

ఆతని యాత్రాగ్రంథము 1801లో వెలువడెను. 1802లో సర్ బిరుదము లభించెను. 1820లో స్కాట్లండున మరణించెను.

మెకెంజీ సాహసము లోకప్రసిద్ధము. అయితే మొదటి యాత్రలో తన కొఱత నెఱిగి మరల పుస్తకము పట్టిన వినయమును, త్రోవ యెఱిగిన వారి మాట వినిన వివేకమును మన బాలబాలికలు ముఖ్యముగా గమనింతురుగాక యని కోరుచున్నాము.