టి.సి.జెర్డాన్

థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ (అక్టోబరు 12, 1811 – జూన్ 12, 1872) ఈస్టిండియా కంపెనీ కొలువులో పనిచేసిన బ్రిటిషు వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. భారతదేశపు పక్షులు, క్షీరదాలు, చీమల అధ్యయనానికి పునాది వేసినవారిలో ముఖ్యుడు. నెల్లూరులో సివిల్ సర్జనుగా ఉన్నకాలంలో తూర్పు కనుమల జీవజాలాన్ని విస్తృతంగా పరిశీలించాడు. రాయలసీమ చిట్టడవులలో మాత్రమే మిగిలివున్న కలివికోడిని శాస్త్రలోకానికి మొదట తెలియజేసినది ఈయనే. ఆ పక్షిని ఆంగ్లంలో నేటికీ జెర్డాన్స్ కోర్సర్ అంటారు.

తొలి జీవితము

జెర్డాన్ ఇంగ్లాండులోని డర్హమ్ కౌంటీలో, స్కాట్లాండు మూలాలు గల కుటుంబంలో జన్మించాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ జేమ్సన్ ప్రకృతి చరిత్ర పాఠాలు విని, తరువాత వైద్యశాస్త్రం అభ్యసించాడు. 1835లో కంపెనీలో సహాయక సర్జనుగా నియమితుడై, 1836 ఫిబ్రవరిలో మద్రాసు చేరుకున్నాడు. మొదట గంజాం ప్రాంతంలో జ్వరాలు, విరేచనాలతో బాధపడుతున్న సైనికులకు చికిత్స చేసే పని అప్పగించారు. పక్షుల సేకరణ అక్కడే మొదలైంది. తరువాత అశ్వికదళంతో కలిసి దక్కను పీఠభూమిలో చాలా దూరం తిరిగాడు.

సేకరించిన పక్షుల చర్మాలను గుర్తింపు కోసం స్కాట్లాండులోని విలియం జార్డిన్ అనే పండితునికి పంపించగా, అవి చేరేసరికే చిమ్మెటలు పట్టి పాడైపోయాయి. ఒక విధంగా ఈ నష్టమే మేలు చేసింది. విదేశీ పండితుల నిర్ణయం కోసం ఎదురుచూడటం మాని, స్వయంగా చూసినదానిని నమ్మి ద్వీపకల్ప భారత పక్షుల జాబితాను సిద్ధం చేశాడు. అది 1839 నుండి మద్రాసులోని ఒక సాహిత్య, వైజ్ఞానిక పత్రికలో వెలువడింది. 1841లో ఫ్లోరా మాక్లియోడ్‌ను వివాహం చేసుకున్నాడు. ఆమెకు వృక్షశాస్త్రంలో, ముఖ్యంగా ఆర్కిడ్ పూలలో ఆసక్తి ఉండేది.

నెల్లూరు కాలము

1840వ దశకంలో నెల్లూరులో పనిచేసినప్పుడు జెర్డాన్‌కు యానాదులతో పరిచయం ఏర్పడింది. ఏ జంతువు ఎక్కడ ఉంటుందో, ఏమి తింటుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆ సమాచారాన్ని ఆయన శ్రద్ధగా సేకరించాడు. తన గ్రంథాలలో అనేక పక్షులకు శాస్త్రీయ నామంతోపాటు తెలుగు పేర్లు కూడా ఇచ్చాడు. బట్టమేక, నేలనెమలి వంటి పేర్లు ఆ విధంగా గ్రంథస్థమయ్యాయి. పేర్లు చెప్పిన యానాదుల పేర్లు మాత్రం చరిత్రకెక్కలేదు.

1840వ దశకంలో వెలువడిన ఈయన సచిత్ర గ్రంథంలో 50 చిత్రఫలకాలు ఉన్నాయి. వాటిలో అధికభాగం భారతీయ చిత్రకారులు వేసినవే. 1851లో దక్షిణ భారత చీమల జాబితా ప్రచురించాడు. ఎర మీదికి గెంతే హార్పెగ్నథస్ సాల్టేటర్ అనే చీమను మొదట వర్ణించినది అందులోనే.

ప్రధాన రచనలు

ఆ రోజులలో భారత పక్షుల గురించి తెలుసుకోవాలంటే ఎక్కడెక్కడో చెదిరివున్న ఖరీదైన పత్రికలు, సంపుటాలు వెదకవలసి వచ్చేది. ఈ లోటు తీర్చడానికి వైస్రాయి కానింగ్ ప్రోత్సాహంతో జెర్డాన్ ది బర్డ్స్ ఆఫ్ ఇండియా రచించాడు (1862-64). వెయ్యికి పైగా జాతులను వర్ణించిన ఈ గ్రంథం తరువాతి పరిశోధకులందరికీ ఆధారమైంది. 1867లో క్షీరదాలపై గ్రంథం వెలువడింది. 1868లో ఉద్యోగ విరమణ చేసి, 1870లో ఇంగ్లాండు వెళ్ళి, రెండేళ్ళకు లండనులోని అప్పర్ నార్వుడ్‌లో మరణించాడు. జెర్డోనియా అనే మొక్కల ప్రజాతికి, పలు పక్షులకు, పాములకు ఈయన పేరు పెట్టారు.

కలివికోడి

జెర్డాన్ సేకరించిన నమూనా ఆధారంగా 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ ఈ పక్షికి శాస్త్రీయ నామకరణం చేశాడు. నెల్లూరు వెనుకనున్న కొండ ప్రాంతంలోను, కడప లోయలోను, పలుచని అడవి గల రాతినేలలలో ఇది ఉంటుందని, బయలు మైదానాలలో కనిపించదని జెర్డాన్ వ్రాశాడు. ఇంత స్పష్టమైన వివరణ ఉన్నప్పటికీ 1900 తరువాత ఈ పక్షి ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే భావించారు. ఇది రాత్రివేళ సంచరించే పక్షి అని తెలియక, వెదికినవారు పగలు వెదకడమే ఇందుకు ముఖ్యకారణం.

1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కృషి వలన కడప జిల్లాలో ఇది మళ్ళీ దొరికింది. రాత్రివేళ దానిని టార్చిలైటు వెలుగులో పట్టుకున్నది ఒక స్థానిక వేటగాడు. ఆ తరువాత శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

తరువాతి పరిశోధనలలో ఇసుక పరచిన బాటలపై పాదముద్రలు, స్వయంచాలక కెమెరాలు, కూతల రికార్డులు ఉపయోగించారు. హెక్టారుకు సుమారు 300 నుండి 700 పెద్ద పొదలు ఉన్నచోట కలివికోడి ఎక్కువగా ఉంటుందని తేలింది. పొదలు మరీ దట్టమైనా, పశువుల మేత వలన, కట్టెల నరుకుడు వలన మరీ పలచబడినా అది ఉండదు. అంటే మనుషులను, పశువులను పూర్తిగా వెళ్ళగొట్టినంత మాత్రాన సమస్య తీరదు. రెవెన్యూ లెక్కలలో బంజరుగా కనిపించే ఇటువంటి నేల సులభంగా చేజారుతుంది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పక్షి ఆవాసంలోకి చొచ్చుకొనిరాగా, అభ్యంతరాల తరువాత కాలువ మార్గాన్ని మార్చారు. ఆపైన దశాబ్దానికి పైగా కచ్చితమైన ఆనవాలు దొరకలేదు. 2025లో దీని కూత మళ్ళీ రికార్డయింది.