నీటిజాడ వ్రాసిన యాత్రికుడు

కాశికి పోయివచ్చిన తెలుగువారు వేలకొలది. పోయిన దారిని ఏనాటి కానాడు వ్రాసిపెట్టినవారు బహు అరుదు. ఆ అరుదైనవారిలో అగ్రగణ్యులు ఏనుగుల వీరాస్వామయ్యగారు.

బాల్యంలోనే తండ్రిని కోల్పోయినా వారు స్వయంకృషితో ఆంగ్లమూ దేశభాషలూ అభ్యసించి చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ద్విభాషి ఉద్యోగం నిర్వహించారు. ఒకరి మాటను పెంచక, తగ్గింపక మరొకరికి అందజేయడం ఆ ఉద్యోగధర్మం. వారి రచనకూ ఆ నియమమే పునాది అయినది.

1830 మే 18న సుమారు నూరుమంది పరివారంతో బయలుదేరి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు చూచుకొని నాగపూరు బాట పట్టారు. ఆ వానకాలంలో బిక్కనూరు, కామారెడ్డిపేట, ఆర్మూరు, నిర్మల మీదుగా ప్రయాణం సాగింది. నూరుమందికి దప్పిక తీరాలి, పొయ్యి వెలగాలి. అందువల్ల మజిలీ మజిలీకి నీటి వసతి ఎట్టిది, నీడకు చెట్లున్నవా, అంగళ్లలో ఏ సరుకులు దొరుకుతవి, బాట రాతినేలా రేగడినేలా అన్న విషయాలు శ్రద్ధగా గ్రంథస్థం చేశారు. సుంకాల బాధను, జమీందారుల కలహాలను సైతం విడువలేదు. వెనుక వచ్చే బాటసారి కష్టపడరాదన్నది ఆ శ్రమకు ప్రయోజనం.

ఐతే ఆ దినచర్య కేవలం దారి లెక్క కాదు. క్షేత్రాలు దర్శిస్తూ ఈశ్వరుని గూర్చి, సృష్టిని గూర్చి, మనుష్యుల ఆచారభేదాలను గూర్చి తమలో తాము చేసుకొన్న విచారణ కూడా అందులో ఉన్నది. నేలను పరిశీలించిన కన్నే మనస్సునూ పరిశీలించింది.

1831 సెప్టెంబరు 3న వారు చెన్నపట్టణం తిరిగి చేరారు. సరిగా నూరేండ్లకు, 1931లో, ఆ బాటకు పడమర ఎల్లారెడ్డి సీమలో మంజీరపై నిజాంసాగర్ నిర్మాణం పూర్తి అయినది. వేల ఎకరాలు పండినవి. కొన్ని పల్లెలు నీట మునిగినవి. మరి కొన్ని దశాబ్దాలకే ఒండ్రు పేరుకొని జలాశయంలో నీటి నిలువ ఎంతో తగ్గిపోయింది. నీటి అడుగున చేరే మట్టి ఏనాటి కానాడు కంటికి కనిపించదు. పాత కొలతను క్రొత్త కొలతతో పోల్చినప్పుడే అది బయటపడుతుంది. మనిషి మనస్సున పేరుకొనే మాలిన్యమూ అట్టిదే. నేలకైనా, మనస్సుకైనా నాటి వ్రాత లేనిదే నేటి నష్టం తెలియదు.

వీరాస్వామయ్యగారు 1836లో పరమపదించారు. వారి దినచర్యను మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారు భద్రపరచి 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చువేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించారు. ఆనాటి మజిలీలలో ఏ చెరువు నిండినదో, ఏ నీడ నిలిచినదో పోల్చిచూడదలచినవారికి ఆ పుటలు నేటికీ కొలమానం.